అంగస్తంభనకు ఇంజెక్షన్ సొంతంగా చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అంగస్తంభన సమస్యకు మాత్రలు పనిచేయనప్పుడు యూరాలజిస్టు ఈ ఇంజెక్షన్ సంగతి ఎత్తుతారు. "అక్కడ సూదా!" అని కుర్చీలో ముడుచుకుపోనివాళ్లు అరుదు. దీన్ని నేర్పించడం మా పని కాబట్టి, ఎదురుగా కూర్చుని అడిగే ప్రశ్నలూ, మొహమాటపడి తలుపు దాకా వెళ్లాక వెనక్కి తిరిగి అడిగే ప్రశ్నలూ కలిపి ఇక్కడ రాశాం. ఒక మాట ముందే చెప్పాలి: ఇది చదివి ఇంట్లో మొదలుపెట్టేసే పని కాదు. మొదటి ఇంజెక్షన్ డాక్టర్ దగ్గరే జరగాలి, మీ డోసు ఎంతో అక్కడే తేలాలి. సూది గుచ్చుకోవడం ఎవరికైనా త్వరగానే వచ్చేస్తుంది. ఇబ్బందులు వచ్చేది డోసు దగ్గర, టైం దగ్గర. అందుకే ఆ రెండింటి గురించి కాస్త ఎక్కువే రాశాం.

మాత్రలు పనిచేయనిచోట ఇంజెక్షన్ ఎలా పనిచేస్తుంది?

అంగంలో పొడవునా పక్కపక్కనే రెండు భాగాలుంటాయి. రక్తం నిండేది వాటిలోనే. మామూలప్పుడు వాటి లోపలి కండరం బిగుసుకుని ఉండి రక్తాన్ని పెద్దగా రానివ్వదు. కోరిక కలిగితే నరాల చివర్ల నుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలవుతుంది, కండరం సడలుతుంది, రక్తం వచ్చి నిండుతుంది. ఆ ఒత్తిడికి రక్తాన్ని వెనక్కి తీసుకెళ్లే సిరలు నొక్కుకుపోతాయి కాబట్టి గట్టిదనం నిలబడుతుంది.

సిల్డెనాఫిల్ (వయాగ్రా), టాడలాఫిల్ లాంటి మాత్రలు నరాల నుంచి వచ్చిన ఆ సంకేతానికి బలం ఇస్తాయి. సంకేతమే రాకపోతే అవి చేయగలిగింది ఏమీ ఉండదు. ప్రొస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్‌లో నరాలు దెబ్బతిన్నవాళ్లకు, ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకు, వెన్నుపాముకు గాయమైనవాళ్లకు మాత్రలు తరచూ పనిచేయనిది ఇందుకే. ఇంజెక్షన్‌కి నరాలతో పనిలేదు. మందు నేరుగా ఆ కండరానికే చేరి దాన్ని సడలిస్తుంది. గుండె జబ్బుకి నైట్రేట్ మందులు వాడుతూ, ఆ కారణంగా సిల్డెనాఫిల్ రకం మాత్రలు వేసుకోకూడనివాళ్లకు కూడా డాక్టర్ సరేనంటే ఇది ఒక దారి.

అయితే రక్తం తెచ్చే ధమనులు బాగా మూసుకుపోయినా, సిరలు సరిగా నొక్కుకోకపోయినా ఇది కూడా అంతంతమాత్రంగానే పనిచేయవచ్చు.

ఇందులో వాడే మందు ఏది?

ఎక్కువగా వాడేది ఆల్‌ప్రోస్టాడిల్. కావర్జెక్ట్, ఎడెక్స్ అనే పేర్లతో వచ్చేవి ఇవే. ఇదొక్కటే చాలనివాళ్లకు, లేదా దీనితో నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లకు పాపవెరిన్, ఫెంటోలమైన్ కలిపిన మిశ్రమం ఇస్తారు. రెండు మందులు కలిస్తే బైమిక్స్, ఆల్‌ప్రోస్టాడిల్ కూడా చేరితే ట్రైమిక్స్. ఈ మిశ్రమాలను ఫార్మసీలో డాక్టర్ చీటీ ప్రకారం తయారుచేస్తారు. వీటి బలం ఒక ఫార్మసీకీ ఇంకో ఫార్మసీకీ ఒకేలా ఉండదు. "నాది 0.2 మి.లీ." అని స్నేహితుడు చెప్పిన లెక్క మీకు ఎందుకూ పనికిరాదు.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. ఫ్రాన్స్‌కి చెందిన సర్జన్ రొనాల్డ్ విరాగ్ 1982లో పాపవెరిన్‌తో ఫలితాలు ప్రకటించాడు. మరుసటి ఏడాది లాస్ వేగాస్‌లో జరిగిన యూరాలజిస్టుల సమావేశానికి బ్రిటిష్ శాస్త్రవేత్త గైల్స్ బ్రిండ్లీ ముందే ఇంజెక్షన్ చేసుకుని వచ్చి, ఉపన్యాసం మధ్యలో ప్యాంటు దించి మరీ ఫలితం చూపించాడు. సభికుల అవస్థ మీరే ఊహించుకోవచ్చు. అమెరికాలో ఆల్‌ప్రోస్టాడిల్ ఇంజెక్షన్‌కి 1995లో అనుమతి వచ్చింది. వయాగ్రా వచ్చింది ఆ తర్వాత, 1998లో.

ఎవరు చేసుకోకూడదు?

రక్తం అంగంలోనే నిలిచిపోయే ముప్పు ఉన్నవాళ్లు: సికిల్ సెల్ అనే రక్తకణాల వ్యాధి ఉన్నవాళ్లు, జబ్బు బయటపడకపోయినా దాని జన్యువు (ట్రెయిట్) ఉన్నవాళ్లు, ల్యుకేమియా, మల్టిపుల్ మైలోమా లాంటి రక్త క్యాన్సర్లు ఉన్నవాళ్లు. అంగం బాగా వంకరగా ఉన్నవాళ్లు, లోపల మచ్చ కట్టినవాళ్లు, స్తంభన కోసం ఆపరేషన్‌తో అంగంలో అమర్చే ఇంప్లాంట్ ఉన్నవాళ్లు. గుండె పరిస్థితి బాగాలేక సంభోగమే వద్దని డాక్టర్ చెప్పినవాళ్లు. డిప్రెషన్‌కో పార్కిన్సన్స్‌కో ఎంఏఓ ఇన్హిబిటర్ రకం మందులు వాడుతుంటే తప్పకుండా చెప్పండి. గట్టిదనం తగ్గకుండా ఉండిపోతే ఇచ్చే విరుగుడు మందుకీ వీటికీ పడదు.

ఇంకో సంగతి. అంగస్తంభన సమస్య కొందరిలో గుండె రక్తనాళాల జబ్బుకి ముందస్తు సూచన. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ ఇప్పటిదాకా చూపించుకోకపోతే ఇంజెక్షన్ కంటే ముందు అవి చూపించుకోండి.

మొదటిసారి క్లినిక్‌లో ఏం చేస్తారు?

చిన్న డోసు ఇచ్చి చూస్తారు. ఆల్‌ప్రోస్టాడిల్ అయితే మామూలుగా 2.5 మైక్రోగ్రాములతో మొదలుపెడతారు. వెన్నుపాము గాయం లాంటి నరాల సమస్య ఉన్నవాళ్లకు చిన్న డోసే గట్టిగా పనిచేస్తుంది కాబట్టి 1.25తో మొదలుపెడతారు. ఫలితాన్ని బట్టి తర్వాత పెంచుకుంటూ వెళ్తారు. చాలామంది 5కీ 20కీ మధ్య ఎక్కడో కుదురుకుంటారు, కొందరికి అంతకంటే ఎక్కువ కావాలి. సంభోగానికి సరిపడా గట్టిపడి, గంటలోపు తగ్గిపోవాలి. అదే సరైన డోసు.

మందు ప్రభావం పూర్తిగా తగ్గేదాకా మిమ్మల్ని అక్కడే కూర్చోబెడతారు. తొందరపడి లేచి రాకండి, ఆ సాయంత్రానికి వేరే పనులు పెట్టుకోకండి. క్లినిక్‌లో ట్యూబులైట్ కింద, నర్సు ముందు వచ్చిన ఫలితం చూసి నిరుత్సాహపడకండి కూడా. అక్కడ అంతంతమాత్రంగా కనిపించిన డోసు ఇంట్లో మనసు కుదుటపడి ఉన్నప్పుడు బాగానే పనిచేస్తుంది. అందుకే క్లినిక్‌లో కాస్త తక్కువ అనిపించగానే డోసు పెంచమని పట్టుబట్టవద్దు.

సూదిని మీరే పట్టుకుని, నర్సు చూస్తుండగా కనీసం ఒకసారి గుచ్చుకున్నాకే ఇంటికి మందు తీసుకెళ్లండి. చూసి నేర్చుకున్నది వేరు, చేసి నేర్చుకున్నది వేరు.

నొప్పి ఎంత ఉంటుంది?

సూది నొప్పి అందరూ భయపడేంత ఉండదు. వాడేది ఇన్సులిన్ సూదంత సన్నటిది, 27 నుంచి 31 గేజ్ మధ్యది, పొడవు దాదాపు అర అంగుళం. మొదటిసారి గుచ్చుకున్నాక "అయిపోయిందా?" అని అడిగేవాళ్లే ఎక్కువ.

మందు వల్ల వచ్చే నొప్పి వేరు. ఆల్‌ప్రోస్టాడిల్ తర్వాత అంగం లోపల సలుపుతున్నట్టు, బరువుగా లాగుతున్నట్టు ఉండవచ్చు. పరిశోధనల్లో దాదాపు 37 శాతం మంది ఎప్పుడో ఒకసారి ఈ నొప్పి చెప్పారు, కానీ దాని వల్ల మానేసినవాళ్లు కొద్దిమందే. ప్రొస్టేట్ ఆపరేషన్ అయిన కొత్తలో ఇది ఎక్కువగా ఉంటుంది. ప్రతిసారీ ఆ నొప్పే ముందుకొచ్చి మిగతాదంతా పాడుచేస్తుంటే ఓర్చుకోనక్కర్లేదు, మందు మార్చమని అడగండి.

సిరంజి మీద గీతలు చూస్తే తికమకగా ఉంది. ఎలా చదవాలి?

ఈ ప్రశ్న అడిగినవాళ్లను మేం మెచ్చుకుంటాం, ఎందుకంటే ప్రమాదకరమైన పొరపాటు జరిగేది ఇక్కడే.

మిశ్రమం మందుకి చాలాచోట్ల ఇన్సులిన్ సిరంజి ఇస్తారు. ఇన్సులిన్ సిరంజిల్లో రెండు రకాలున్నాయి. యు-100 రకంలో 100 యూనిట్లు కలిస్తే 1 మి.లీ. యు-40 రకంలో 40 యూనిట్లకే 1 మి.లీ. అయిపోతుంది. డాక్టర్ "10 యూనిట్లు" అన్నారనుకోండి. యు-100 సిరంజిలో అది 0.1 మి.లీ. అదే 10 గీత దాకా యు-40 సిరంజిలో లాగితే 0.25 మి.లీ., అంటే రెండున్నర రెట్లు మందు. ఆ రాత్రి ఎమర్జెన్సీలో గడుస్తుంది. మామూలుగా యు-100కి ఆరెంజ్ మూత, యు-40కి ఎర్ర మూత ఉంటాయి గానీ రంగును నమ్ముకోకండి, సిరంజి ఒంటి మీద రాసి ఉన్నది చదవండి. డోసును యూనిట్లలో కాకుండా మి.లీ.లో కూడా రాసివ్వమని డాక్టర్‌ని అడగండి.

యు-100లోనే మరో చిక్కుంది. 0.5 మి.లీ. సిరంజిలో సాధారణంగా ఒక్కో చిన్న గీత 1 యూనిట్. 1 మి.లీ. సిరంజిలో ఒక్కో గీత 2 యూనిట్లు ఉంటుంది. కొత్త డబ్బా కొన్న ప్రతిసారీ పాత సిరంజి పక్కన పెట్టి పోల్చి చూసుకోండి.

గీత ఎక్కడ చదవాలి? లోపలి నల్ల రబ్బరు పైఅంచు, అంటే సూది వైపున్న అంచు, ఏ గీత దగ్గర ఉందో అదే లెక్క. వెనకవైపు అంచు కాదు.

ఎక్కడ గుచ్చాలి?

నిలబడి లేదా కూర్చుని పైనుంచి కిందికి చూస్తూ, అంగాన్ని గడియారం అనుకోండి. మీకు కనిపించే పైభాగం 12, అడుగుభాగం 6. గుచ్చాల్సినవి పక్కలు: 10 దగ్గర లేదా 2 దగ్గర. కొందరు డాక్టర్లు ఇంకొంచెం కిందికి, 9 లేదా 3 దగ్గర చెబుతారు. మీకు నేర్పినదే పాటించండి. 12 దగ్గర నరాలూ ముఖ్యమైన రక్తనాళాలూ ఉంటాయి, అటు వద్దు. 6 దగ్గర మూత్రనాళం ఉంటుంది, అటు అసలే వద్దు. పొడవులో చూస్తే మొదలు నుంచి మధ్య వరకు ఉన్న భాగం సరైనది. ముందుభాగంలో, అంటే శిశ్నాగ్రంలో గుచ్చకూడదు.

చర్మం కింద నీలంగా కనిపించే సిరను తప్పించి గుచ్చండి. ఈసారి ఎడమవైపు అయితే వచ్చేసారి కుడివైపు. ఒకే చోట మళ్లీ మళ్లీ గుచ్చితే లోపల మచ్చ కడుతుంది. ఎటు గుచ్చారో మర్చిపోతామనుకుంటే ఫోన్‌లో రాసుకోండి, అందులోనే డోసూ టైమూ కూడా రాసుకోవచ్చు.

"ఒక వైపే గుచ్చితే రెండో వైపు గట్టిపడదా?" అని దాదాపు అందరూ అడుగుతారు. గట్టిపడుతుంది. రెండు భాగాల మధ్య ఉన్న గోడలో దారులుంటాయి, మందు అటూ ఇటూ పాకుతుంది.

మొదటి నుంచి చివరిదాకా ఎలా చేసుకోవాలో ఒకసారి చెప్పండి.

వెలుతురు బాగా ఉన్నచోట కూర్చోండి. సబ్బుతో చేతులు కడుక్కోండి. మందు, సిరంజి, రెండు స్పిరిట్ స్వాబ్‌లు, కొంచెం దూది, వాడిన సూది వేసే గట్టి డబ్బా అందుబాటులో పెట్టుకోండి. మందు రంగు మారినా, అందులో నలకలు తేలుతున్నా వాడకండి. ట్రైమిక్స్ ఫ్రీజర్లోంచి తీసినదైతే పూర్తిగా కరగనివ్వండి, వేడినీళ్లలో పెట్టి తొందరపెట్టకండి. పొడి రూపంలో ఉన్నదైతే కిట్‌లో ఇచ్చిన ద్రవంతోనే కలపాలి. మెల్లగా తిప్పండి, గట్టిగా గిలక్కొట్టకండి.

సీసా రబ్బరు మూతను స్పిరిట్‌తో తుడిచి మందు లాగండి. గాలి బుడగలుంటే సిరంజిని సూది పైకి ఉండేలా పట్టుకుని గోరుతో రెండుసార్లు కొట్టండి, బుడగ పైకి చేరాక నెట్టేయండి. చిన్న బుడగ వల్ల ప్రమాదమేమీ ఉండదు గానీ అది ఉన్నంత మేర మందు తగ్గుతుంది. డోసు గీత మళ్లీ చూసుకోండి.

ఇప్పుడు అంగాన్ని పట్టుకోండి. ముందోలు ఉన్నవాళ్లు దాన్ని పూర్తిగా వెనక్కి లాగాలి, లేకపోతే చర్మం జారిపోయి అనుకున్నచోట గుచ్చుకోదు. శిశ్నాగ్రాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని ముందుకు సాగదీసి తొడకి ఆనించండి. పట్టుకున్నాక మెలితిప్పకూడదు. మెలి పడితే మీరు 10 అనుకున్నది నిజానికి 12 కావచ్చు. గుచ్చే చోటు స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. తడిగా ఉండగానే గుచ్చితే మంట పుడుతుంది.

సిరంజిని పెన్ను పట్టుకున్నట్టు పట్టుకోండి. చర్మానికి నిటారుగా, 90 డిగ్రీల్లో, ఒక్కసారిగా సూది పూర్తిగా దించండి. భయంతో మిల్లీమీటరు మిల్లీమీటరుగా దించితేనే నొప్పి ఎక్కువ. లోపలి గట్టి పొరను దాటుతున్నప్పుడు చిన్నగా అడ్డు తగిలి వదిలినట్టు అనిపిస్తుంది. తర్వాత 5 నుంచి 10 సెకన్లలో మందు నెమ్మదిగా నెట్టండి. సూది వచ్చినదారినే నేరుగా బయటికి తీయండి.

తీసిన వెంటనే స్వాబ్‌తోనో దూదితోనో అక్కడ గట్టిగా నొక్కి పట్టుకోండి. కనీసం 3 నుంచి 5 నిమిషాలు. మధ్యమధ్యలో ఎత్తి చూడకండి. చాలామంది దీన్ని అర నిమిషంతో సరిపెట్టేసి, మర్నాడు నల్లగా కమిలిందని ఫోన్ చేస్తారు. ముందోలు వెనక్కి లాగినవాళ్లు తర్వాత దాన్ని మళ్లీ ముందుకు తెచ్చుకోవడం మర్చిపోకూడదు, అలాగే వదిలేస్తే వాచిపోతుంది.

మందు లోపలికి వెళ్లనంటోంది. ఏం చేయాలి?

బలవంతంగా నెట్టకండి. సరైనచోట ఉంటే మందు తేలిగ్గా పోతుంది. గట్టిగా అడ్డుపడుతుంటే సూది కొన గట్టి పొరలోనే చిక్కుకుని ఉండవచ్చు. ఒక్క మిల్లీమీటరు వెనక్కో ముందుకో జరిపి చూడండి. చర్మం కింద బుడిపెలాగా ఉబ్బుతుంటే మందు పైపైనే పోతోందని అర్థం, అక్కడితో ఆపండి. కొంత మందు వెళ్లిపోయాక ఆపాల్సి వస్తే, ఎంత వెళ్లిందో కచ్చితంగా తెలియదు కాబట్టి ఆ రోజుకి వదిలేయాలి.

మూత్ర రంధ్రం దగ్గర రక్తపు చుక్క కనిపించింది.

సూది మూత్రనాళానికి తగిలింది. నొక్కి పట్టుకోండి, ఆ రోజు సంభోగం మానేసి డాక్టర్‌కి ఫోన్ చేయండి. మామూలుగా దానంతటదే ఆగిపోతుంది. వచ్చేసారి గుచ్చే చోటును కాస్త పైకి జరపాలి.

ఎంతసేపటికి పనిచేస్తుంది? ఎంతసేపు ఉంటుంది?

5 నుంచి 20 నిమిషాల్లో మొదలవుతుంది. కోరిక లేకున్నా కొంత గట్టిపడుతుంది, కానీ స్పర్శ, దగ్గరితనం తోడైతే ఫలితం బాగుంటుంది. నిలబడితే రక్తం చేరడం తేలికవుతుందని కొందరికి నిలబడమని చెబుతాం. తల తిరిగినట్టుంటే మాత్రం వెంటనే పడుకోండి.

స్ఖలనం అయ్యాక కూడా గట్టిదనం తగ్గకపోవచ్చు. గట్టిదనాన్ని నిలబెడుతున్నది మందు, కాబట్టి మందు బలం తగ్గాకే తగ్గుతుంది. ఇది తెలియక మొదటిసారి చాలామందికి టెన్షన్ పట్టుకుంటుంది. గంటలోపు తగ్గితే అంతా సవ్యంగానే ఉన్నట్టు. తరచూ గంట దాటుతుంటే డోసు ఎక్కువైందని అర్థం, డాక్టర్‌కి చెప్పి తగ్గించుకోండి.

ఏమీ కాలేదు. ఇంకొంచెం వేసుకోవచ్చా?

వద్దు. ఆ రోజుకి అంతే. మొదటి డోసు నెమ్మదిగా అందుకుంటుంటే దాని మీద రెండోది పడి, గట్టిదనం గంటల తరబడి తగ్గకుండా పోయే ప్రమాదం ఉంది. తర్వాతి ఇంజెక్షన్‌కి కనీసం 24 గంటల ఎడం ఉండాలి.

పనిచేయకపోవడానికి మామూలు కారణాలు కొన్నే. మందు చర్మం కిందే పోయి ఉండవచ్చు. మందు పాతబడి ఉండవచ్చు లేదా ఫ్రిజ్ బయట ఉండిపోయి ఉండవచ్చు. లేదా మీరు బాగా కంగారుపడి ఉండవచ్చు. కంగారులో విడుదలయ్యే అడ్రినలిన్ రక్తనాళాలను బిగించేస్తుంది, అంటే మందు చేసే పనికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది. వరసగా రెండు మూడుసార్లు ఇలాగే అయితే డోసు మీరే పెంచుకోకుండా క్లినిక్‌కి వెళ్లి వాళ్ల ముందు ఒకసారి చేసి చూపించండి. డోసు సరిగానే ఉండి, గుచ్చే కోణంలో తేడా వచ్చిన సందర్భాలే ఎక్కువ.

గట్టిదనం తగ్గకపోతే?

మిగతా అన్ని జవాబులకంటే దీన్ని జాగ్రత్తగా చదవండి. మీ జీవిత భాగస్వామి చేత కూడా చదివించండి.

గట్టిదనం 4 గంటలు దాటితే అది ఎమర్జెన్సీ. డాక్టర్లు దీన్ని ప్రయాపిజం అంటారు. లోపల నిలిచిపోయిన రక్తంలో ఆక్సిజన్ అయిపోతుంది, కొత్త రక్తం రాదు, కండరం దెబ్బతినడం మొదలవుతుంది. గంటలు గడిచేకొద్దీ ఆ నష్టం శాశ్వతమై, ఆ తర్వాత ఏ మందుకీ స్తంభన రాని పరిస్థితి ఏర్పడవచ్చు. నొప్పి లేదు కదా అని ఆగవద్దు. పొద్దున్నే వెళ్దాంలే అని నిద్రపోవడం అన్నిటికంటే పెద్ద ముప్పు.

ఇంజెక్షన్ చేసుకున్న టైం రాసిపెట్టుకోండి. 2 గంటలైనా తగ్గకపోతే లేచి నడవండి, మెట్లు ఎక్కి దిగండి, గుడ్డలో చుట్టిన ఐస్ తొడల లోపలివైపు పెట్టండి. కొన్ని క్లినిక్‌లు ఈ దశలో వేసుకోవడానికి రక్తనాళాలను బిగించే జలుబు మాత్ర లాంటిది ముందే రాసిస్తాయి. మీకు రాసిచ్చి ఉంటేనే వేసుకోండి. బీపీ ఉన్నవాళ్లు సొంతంగా ఏ జలుబు మాత్రా మింగకండి. 3 గంటలకి ఇంకా అలాగే ఉంటే బయల్దేరండి. దారి, ఓపీ చీటీ, ఎదురుచూపు కలిపి నాలుగో గంట ఎలాగూ అయిపోతుంది.

ఆస్పత్రిలో ముందు నిలబడి "కొంచెం ఇబ్బందిగా ఉంది" అంటే వరసలో కూర్చోబెడతారు. సూటిగా చెప్పండి: "స్తంభన కోసం ఇంజెక్షన్ తీసుకున్నాను, ఇన్ని గంటలైంది, తగ్గడం లేదు." మందు పేరు, డోసు, చేసుకున్న టైం, మీరు వాడే ఇతర మందులు ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకుంటే నోటితో చెప్పే ఇబ్బంది కూడా తగ్గుతుంది. అక్కడ సూదితో నిలిచిన రక్తం తీస్తారు, బీపీ చూస్తూ ఫినైల్‌ఎఫ్రిన్ లాంటి విరుగుడు మందు ఎక్కిస్తారు. త్వరగా వెళ్తే చాలామందికి దానితోనే సరిపోతుంది. సిగ్గుపడి ఆలస్యం చేసినవాళ్లకే ఆపరేషన్ దాకా వెళ్తుంది.

ఎమర్జెన్సీ సదుపాయం ఉన్న ఆస్పత్రికి దూరంగా ఉన్నప్పుడు, ఉదాహరణకి రాత్రి బస్సు దిగి మారుమూల చోటికి వెళ్లినప్పుడు, కొత్త డోసు ప్రయత్నించకండి.

వారానికి ఎన్నిసార్లు?

ఆల్‌ప్రోస్టాడిల్ అయితే వారానికి 3సార్లకు మించకూడదు, రోజుకి ఒకసారికి మించకూడదు.

ఇంజెక్షన్‌తో పాటు మాత్ర కూడా వేసుకోవచ్చా? మద్యం తాగవచ్చా?

డాక్టర్ ప్రత్యేకంగా చెబితే తప్ప మాత్ర కలపకండి. రెండూ కలిస్తే గట్టిదనం తగ్గకపోవడం, బీపీ పడిపోవడం రెండూ జరగవచ్చు. "ఇంజెక్షన్ సరిగా అందలేదేమోనని మాత్ర వేసుకున్నా" అనేవాళ్లు ప్రతి క్లినిక్‌కీ ఉంటారు. మద్యం విషయానికొస్తే, తాగినవాళ్ల చేయి గీతలు సరిగా చదవదు, గడియారమూ చూడదు. మాదకద్రవ్యాల సంగతి చెప్పనే అక్కర్లేదు.

రక్తం పలచబరిచే మందులు వాడుతున్నాను.

ఆస్పిరిన్, వార్ఫరిన్ లాంటివి వాడేవాళ్లు కూడా ఇంజెక్షన్ చేసుకోవచ్చు, కానీ డాక్టర్‌కి తెలిసి ఉండాలి. సూది తీశాక నొక్కి పట్టుకునే సమయం పెంచాలి, 5 నుంచి 10 నిమిషాలు. ఇంజెక్షన్ కోసం ఆ మందులు మీ అంతట మీరు ఆపేయడం మాత్రం చాలా ప్రమాదం.

పొట్ట అడ్డం వచ్చి కనిపించడం లేదు, చేతులు వణుకుతాయి. భార్య చేయవచ్చా?

నిక్షేపంగా చేయవచ్చు. ఆమెను కూడా క్లినిక్‌కి తీసుకెళ్లి నేర్పించండి. చాలా జంటల్లో ఆవిడ చేయే నిలకడగా ఉంటుంది. ఒంటరిగా చేసుకోవాల్సి వస్తే అద్దం ముందు పెట్టుకోవచ్చు. సూది చూడలేనివాళ్లకు ఆటోఇంజెక్టర్ ఉంటుంది. సిరంజిని అందులో అమర్చి బటన్ నొక్కితే సూది దానంతటదే దిగుతుంది.

ఇంట్లో ఆమెకి చెప్పాలా? చెప్పకుండా బాత్రూమ్‌లో చేసుకుని రావచ్చు కదా?

మీ ఇష్టం. మా సలహా అయితే చెప్పమనే. దాచిపెట్టి చేసుకునేవాళ్లు నొక్కి పట్టాల్సిన 5 నిమిషాల్ని అర నిమిషం చేస్తారు, మసక వెలుతురులో గీతలు చదువుతారు, గట్టిదనం తగ్గకపోయినా నోరు విప్పరు. ఆమె వైపు నుంచి చూస్తే, ఇన్నాళ్లూ ఆయన దూరంగా జరుగుతుంటే తన మీద మనసు పోయిందేమోనని ఆమె అనుకుని ఉండవచ్చు. రక్తప్రసరణ సమస్య అని తెలిస్తే ఆ అపోహ పోతుంది. మొదటి రెండు మూడుసార్లు సంభోగం జరిగి తీరాలనే షరతు పెట్టుకోకుండా, మందు ఎలా పనిచేస్తుందో చూద్దామన్నట్టు మొదలుపెట్టిన జంటలు త్వరగా అలవాటు పడతాయి.

ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుంది?

కమిలిన మచ్చలు వచ్చి పోతుంటాయి. అసలు గమనించాల్సింది లోపల గట్టి ముద్దలు, మచ్చ కణజాలం కట్టడం. అది పెరిగితే అంగం ఒక వైపుకి వంగుతుంది. పాపవెరిన్‌తో ఈ ముప్పు ఎక్కువ. మెత్తగా ఉన్నప్పుడు నెలకోసారి మీరే వేళ్లతో తడిమి చూసుకోండి. బఠాణీ గింజంత గట్టిగా ఏదైనా తగిలినా, కొత్తగా వంకర కనిపించినా ఇంజెక్షన్ ఆపి డాక్టర్‌ని కలవండి. అలాంటివేమీ లేకపోయినా సుమారు 3 నెలలకోసారి చూపించుకోవాలి.

అలవాటు పడిపోయి సహజంగా రావడం ఆగిపోతుందేమోనని భయపడనక్కర్లేదు. ప్రొస్టేట్ ఆపరేషన్‌లో నరాలను కాపాడగలిగితే కొందరికి ఏడాది, రెండేళ్లలో సహజ స్తంభన కొంత తిరిగి వస్తుంది. అప్పుడు డోసు తగ్గించడమో, మళ్లీ మాత్రలకు మారడమో చేస్తారు.

మందు ఎలా దాచాలి? ప్రయాణంలో?

పొడి రూపంలోని కావర్జెక్ట్‌ను 25 డిగ్రీల లోపు గది ఉష్ణోగ్రతలో ఉంచవచ్చు, కలిపాక 24 గంటల్లో వాడేయాలి. ట్రైమిక్స్ ఫ్రిజ్‌లో ఉండాలి, ఎక్కువ కాలానికి ఫ్రీజర్‌లో. లేబుల్ మీద ఫార్మసీ రాసిన గడువే చివరి మాట. ప్రయాణంలో ఐస్ ప్యాక్ ఉన్న చిన్న సంచిలో తీసుకెళ్లండి. విమానమైతే చేతి సంచిలోనే పెట్టుకుని, డాక్టర్ చీటీ వెంట ఉంచుకోండి. ఎండలో ఆపిన కారులో వదిలేసిన మందును నమ్ముకోకండి.

వాడిన సూదులు?

ఒక్కసారి వాడినది మళ్లీ వాడకూడదు. మూత బిగించే గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండాక ఆస్పత్రికో ఫార్మసీకో ఇవ్వండి. చెత్తబుట్టలో విడిగా వేస్తే చెత్త ఎత్తేవాళ్ల చేతికి గుచ్చుకుంటుంది.

కండోమ్ అవసరమా? పిల్లలు పుట్టడానికి పనికొస్తుందా?

గర్భం రాకుండా గానీ, సుఖవ్యాధులు సోకకుండా గానీ ఇంజెక్షన్ ఏ రక్షణా ఇవ్వదు. పైగా గుచ్చిన చోట రక్తపు చుక్క ఉంటే రక్తం ద్వారా సోకే జబ్బుల ముప్పు కొంచెం పెరుగుతుంది. ఇక పిల్లల సంగతి: ఇది వీర్యకణాలను పెంచదు. సంభోగం వీలుకాకపోవడమే అడ్డంకి అయితే ఆ అడ్డంకి తొలగుతుంది, అంతే. కోరిక తగ్గిన సమస్యకి కూడా ఇది మందు కాదు, దానికి వేరే పరీక్షలుంటాయి.

ఇది కూడా పనిచేయకపోతే?

ముందు మిశ్రమం మార్చి చూస్తారు. ఆల్‌ప్రోస్టాడిల్‌కి లొంగనివాళ్లలో చాలామందికి ట్రైమిక్స్ పనిచేస్తుంది. సూది పడనివాళ్లకు వాక్యూమ్ పంపు ఉంది. కొన్నిచోట్ల ఆల్‌ప్రోస్టాడిల్‌నే మూత్ర రంధ్రంలో పెట్టుకునే చిన్న గుళిక రూపంలోనూ ఇస్తారు. ఇవేవీ కుదరకపోతే ఇంప్లాంట్ ఆపరేషన్. దానితో తృప్తి పడేవాళ్లు ఎక్కువే, కానీ ఆ ఆపరేషన్‌లో రక్తం నిండే సహజ కణజాలం దెబ్బతింటుంది కాబట్టి తర్వాత మళ్లీ ఇంజెక్షన్లకో మాత్రలకో తిరిగి రావడం కుదరదు. అందుకే డాక్టర్లు దాన్ని చివర్లో పెడతారు.